డ్రోన్ తనంతట తానే ఎగురుతుంటే ఇక ఆపరేటర్ చేసే పనేంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "బీటెక్ అయిపోయింది, డ్రోన్ పైలట్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. కానీ ఇప్పుడు నిఘా డ్రోన్లు బటన్ నొక్కితే చాలు, వాటంతటవే లేచి, తిరిగి, ఏఐతో మనుషుల్ని గుర్తుపట్టి, వచ్చి దిగిపోతున్నాయట. మరి ఆపరేటర్ ఏం చేస్తాడు? ఒక్కరే ఎన్ని డ్రోన్లు చూసుకోవచ్చు? రెండేళ్ల తర్వాత ఈ ఉద్యోగాలు ఉంటాయా?"

సూటిగా చెబుతాను. ఉద్యోగాలు ఉంటాయి, కానీ మీరు ఊహించుకుంటున్న ఉద్యోగం ఇప్పటికే చాలావరకు పోయింది. రిమోట్ మీది స్టిక్కులు పట్టుకుని డ్రోన్‌ని గాల్లో నిలబెట్టే పని ఆటోపైలట్ (డ్రోన్‌ను తనంతట తానే నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసుకుంది. మనకు మిగిలినవి నాలుగు. అది ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ దారిలో ఎగరాలో ముందే తేల్చడం. ఎగురుతున్నంతసేపూ అది ఇప్పుడేం చేస్తోందో, ఇంకో నిమిషంలో ఏం చేయబోతోందో తెలిసి ఉండడం. అది చూపించినదాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడం. నమ్మితే, ఆ విషయం కింద ఉన్న సరైన మనిషికి అర్థమయ్యేలా చెప్పడం. కోర్సుల్లో మొదటి రెండూ కొంత నేర్పుతారు. చివరి రెండూ ఎవరూ పెద్దగా నేర్పరు, కానీ ఒకరి ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఆ రెండింటి దగ్గరే.

నేను జాతరలు, నిమజ్జనాలు, బహిరంగ సభల బందోబస్తుకు డ్రోన్లు నడిపే టీమ్‌లో పనిచేస్తాను. వానాకాలంలో వరద పనులు, తప్పిపోయినవాళ్ల కోసం వెతకడం, మిగతా రోజుల్లో కరెంటు లైన్ల సర్వేలు. మిలిటరీ వైపు పనిచేయలేదు, అక్కడి ఉదాహరణ ఒకటి చెబుతాను గానీ అది అందరికీ తెలిసిన రికార్డు మేరకే.

ముందు ఇవి సొంతంగా ఎంతవరకు చేస్తాయో చూడండి. మన దగ్గర బందోబస్తుకు వాడేవి ఎక్కువగా మల్టీరోటర్లు, అంటే నాలుగో అంతకన్నా ఎక్కువో ఫ్యాన్లతో ఎగిరేవి, ఒక బ్యాటరీతో అరగంటో నలభై నిమిషాలో ఎగురుతాయి. గంటల తరబడి ఒకేచోట నిలబడాల్సి వస్తే కింద నుంచి కేబుల్‌తో కరెంటు అందించే రకం వాడతారు. ల్యాప్‌టాప్‌లో మ్యాప్ మీద పాయింట్లు పెట్టి, ఎత్తు, వేగం, కెమెరా ఎటు చూడాలో ఇచ్చేస్తే అది ఆ దారిలో తిరిగొస్తుంది. గాలికి నిలదొక్కుకోవడం, ఎత్తు పట్టి ఉంచడం, బ్యాటరీ తగ్గితే వెనక్కి రావడం అన్నీ అదే చూసుకుంటుంది. మేడ మీద పెట్టిన పెట్టెలోంచి మూత తెరుచుకుని లేచి, పని చూసుకుని మళ్లీ అదే పెట్టెలో దిగి ఛార్జింగ్ పెట్టుకునేవి కూడా వచ్చాయి. వీడియో మీద ఏఐ మనుషుల చుట్టూ, బండ్ల చుట్టూ గీతల చతురస్రాలు గీస్తుంది, ఎంతమంది ఉన్నారో ఒక అంకె చూపిస్తుంది. పెద్దవాటి సంగతికొస్తే, మన హైదరాబాద్‌లోనే తయారై 2024 జనవరిలో నౌకాదళానికి అందిన దృష్టి-10 అనే నిఘా డ్రోన్ లాంటివి ఏకబిగిన 36 గంటలు గాల్లో ఉండగలవు.

ఇన్ని తెలిసిన దానికి ఒకటి తెలీదు. ఒక మనిషి పరిగెడుతున్నాడంటే దొంగతనం చేసి పరిగెడుతున్నాడా, బస్సు వెళ్లిపోతోందని పరిగెడుతున్నాడా, వాళ్ల పిల్లాడు చేయి వదిలేసి ముందుకెళ్లిపోయాడని పరిగెడుతున్నాడా అన్నది దానికి తెలీదు. ఇప్పట్లో తెలిసేలా కూడా లేదు.

ఎగరకముందే సగం పని అయిపోవాలి

కొత్తగా వచ్చినవాళ్లకు ఇది చాలా బోరు కొట్టే భాగం, నాకైతే ఇదే అసలు నైపుణ్యం. ఒక ఉదాహరణ చూడండి. ఆర్డుపైలట్ అని చాలా డ్రోన్లలో వాడే సాఫ్ట్‌వేర్ ఉంది. రిమోట్‌తో సిగ్నల్ తెగిపోతే డ్రోన్ ఎంత ఎత్తుకు లేచి ఇంటికి బయల్దేరాలి అన్న సెట్టింగు, ఎవరూ మార్చకపోతే, 15 మీటర్లు ఉంటుంది. అంతకంటే పైన ఉంటే ఆ ఎత్తులోనే వస్తుంది, కింద ఉంటే 15కు లేచి బయల్దేరుతుంది. పైగా వెళ్లిన దారిన రాదు, లేచిన చోటికి తిన్నగా గీత గీసినట్టు వస్తుంది. ఇప్పుడు మన ఊళ్లు తలుచుకోండి. చెరువుగట్టు మీద తాడిచెట్టు 15 మీటర్లు దాటడం మామూలు సంగతి, కోనసీమలో కొబ్బరిచెట్లూ అంతే, సెల్ టవర్ల సంగతి చెప్పక్కర్లేదు. డ్రోన్ తనకు చెప్పింది చెప్పినట్టు చేస్తూ వెళ్లి చెట్టు మట్టలో ఇరుక్కుంటుంది. అక్కడ ఏ యంత్రమూ చెడిపోలేదు. ఆ ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైనది ఏదో నడిచి చూసుకుని, దాని మీద ఇంకో పదిహేను ఇరవై మీటర్లు కలిపి పెట్టుకోవాల్సిన పని మనిషిది.

వరదల్లో దీనికి ఇంకో రూపం ఉంది. పడవలోంచి డ్రోన్ లేపుతాం. అది తన ఇల్లు ఎక్కడో లేచిన క్షణంలోనే గుర్తుపెట్టుకుంటుంది. ఈలోగా పడవ ఇంకో వీధిలోకి వెళ్లిపోతుంది. బ్యాటరీ తగ్గగానే డ్రోన్ బుద్ధిగా పాత చోటికే వచ్చి, అక్కడ ఏముందో చూడకుండా, నీళ్లలోకి దిగబోతుంది. అందుకే పడవ మీద పని అంటే ఇంటి పాయింట్ మార్చడం ఒకరి బాధ్యతగా పెట్టుకుంటాం, పడవ కదిలిన ప్రతిసారీ వాళ్లు పైకి చెప్పాలి.

మెదలకుండా చూస్తూ కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం

చేత్తో ఎగరేసేటప్పుడు నిద్ర రాదు. అది తనంతట తాను తిరుగుతుంటే, తెరమీద గంటసేపు ఏమీ జరగకపోతే, కళ్లు తెరిచే ఉంటాయి కానీ మనిషి అక్కడ ఉండడు. ఇది బద్ధకం వల్ల వచ్చేది కాదు, మెదడు తీరే అంత. రెండో ప్రపంచయుద్ధం నాటికే బ్రిటన్‌లో రాడార్ తెరలు చూసేవాళ్లకు ఈ సమస్య వచ్చింది. నార్మన్ మాక్‌వర్త్ అనే పరిశోధకుడు ఒక గడియారం ముల్లు అప్పుడప్పుడూ మామూలు కన్నా రెట్టింపు దూరం గెంతేలా పెట్టి, ఆ గెంతును పట్టుకోమని మనుషుల్ని కూర్చోబెట్టాడు. అరగంట తిరిగేసరికే వాళ్లు గెంతులు వదిలేయడం పెరిగింది. ఇప్పటి తెరలు ఎంత బాగున్నా చూసే కళ్లు అవే కదా.

అందుకని మా పద్ధతి ఇలా ఉంటుంది. ఇద్దరు తెరల ముందు, ఒకరు బయట. మొదటివాళ్లు డ్రోన్ ఆరోగ్యం చూస్తారు: బ్యాటరీ, ఉపగ్రహాల సంఖ్య, గాలి, సిగ్నల్, ఏ మోడ్‌లో ఉంది. రెండోవాళ్లు వీడియో మాత్రమే చూస్తారు. బయట ఉన్న మనిషి ల్యాప్‌టాప్ వైపు చూడకూడదు, ఆకాశం వైపే చూడాలి. ఇరవై నిమిషాలకోసారి వీడియో చూసేవాళ్లను మార్చేస్తాం, "నేను బాగానే ఉన్నాను అన్నా" అన్నా సరే మారాల్సిందే. మారేటప్పుడు ఊరికే కుర్చీ ఇచ్చి లేవడం ఉండదు. డ్రోన్ ఎక్కడుంది, ఏ మోడ్, ఎంత బ్యాటరీ, నేను దేన్ని గమనిస్తున్నాను, దేని మీద అనుమానం ఉంది, ఈ ఐదూ నోటితో చెప్పి, తీసుకునేవాళ్లు తిరిగి చెప్పాక లేవాలి. ఆ అర నిమిషం దగ్గర కక్కుర్తి పడిన టీముల్లోనే గొడవలు ఎక్కువ చూశాను.

మోడ్ పేరు పైకి అనండి. ఆటో (ఇచ్చిన దారిలో తిరగడం), లాయిటర్ (ఒకేచోట నిలబడడం), రిటర్న్ (ఇంటికి రావడం), ఏదైనా మారితే గట్టిగా అనాలి. డ్రోన్ తన దారిన తాను పోతుంటే, నడుపుతున్నది తానే అనుకుని స్టిక్కులు కదిలిస్తూ "మాట వినట్లేదు" అని కంగారు పడేవాళ్లను చాలామందిని చూస్తారు మీరు.

ఏఐ గీసిన చతురస్రం ఒక ప్రశ్న, జవాబు కాదు

గుంటూరు వైపు మిర్చి చేలల్లో ఒక పెద్దాయన తప్పిపోతే వెతకడానికి పిలిచారు. ఏఐ వరసపెట్టి "మనిషి, మనిషి" అని చూపిస్తోంది. జూమ్ చేస్తే దిష్టిబొమ్మలు. పాత చొక్కా, రెండు చేతులు చాపిన కర్రలు, తలకు సున్నం బొట్లు పెట్టిన కుండ, పైనుంచి చూస్తే నిజంగానే మనిషిలా ఉన్నాయి. వేడిని చూపించే థర్మల్ కెమెరాకు మారితే తేడా తెలిసిపోయింది, ఒళ్లు వేడి లేదు. అది తెల్లవారుజాము కాబట్టి సరిపోయింది. అదే ఏప్రిల్ మధ్యాహ్నమైతే థర్మల్ కూడా అక్కరకు రాదు. బండరాళ్లూ, మట్టిగట్లూ మనిషి ఒంటి వేడికి చేరిపోయి, దాటిపోయి, తెరంతా ఒకే తెలుపులో కలిసిపోతుంది. మన ప్రాంతంలో వెతుకులాటకు తెల్లవారుజామును మించిన వేళ లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఆ పెద్దాయన చుట్టూ మాత్రం ఏఐ చతురస్రం గీయనే లేదు. తెల్లారాక మామూలు కెమెరాతో మళ్లీ తిప్పుతుంటే, వీడియో చూస్తున్న అమ్మాయి కాలవగట్టు మీద ఏదో మెరిసిందని ఆపించింది. దగ్గరికెళ్లి చూస్తే స్టీలు క్యారేజీ. మన ఊళ్లలో ఎవరైనా చేను దగ్గర క్యారేజీ వదిలేసి ఇంటికి పోతారా? పోరు. అక్కడినుంచి చుట్టూ నెమ్మదిగా తిప్పితే, తుమ్మచెట్టు కింద తలమీద తువ్వాలు కప్పుకుని ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. తువ్వాలు, నీడ, ముడుచుకున్న ఆకారం, ఈ మూడూ కలిస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కు మనిషి కనపడలేదు. క్యారేజీ గురించి అది నేర్చుకున్నది ఏమీ లేదు.

కాబట్టి అలర్ట్ వస్తే అడగాల్సింది: ఇదే వస్తువు వేరే కెమెరాలో, వేరే కోణంలో ఎలా కనిపిస్తోంది? అలర్ట్ రాకపోతే అడగాల్సింది: ఇక్కడ మనిషి ఉంటే ఇది పట్టుకోగలదా అసలు? రెండో ప్రశ్న అడిగేవాళ్లు చాలా తక్కువమంది, మంచి ఆపరేటర్‌ని నేను దాన్నిబట్టే గుర్తుపడతాను.

చూసింది చెప్పండి, అనుకున్నది చెప్పకండి

మిలిటరీ ఉదాహరణ అన్నాను కదా, అది ఇదే. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా సైన్యం ఒక తెల్ల టయోటా కారును దాదాపు ఎనిమిది గంటలు డ్రోన్లతో వెంబడించి, చివరికి క్షిపణి వేసింది. అంతకు మూడు రోజుల ముందే విమానాశ్రయం దగ్గర ఆత్మాహుతి దాడి జరిగింది, ఇంకోటి జరుగుతుందని అందరూ టెన్షన్‌లో ఉన్నారు. ఆ కారులో ఉన్నది ఒక సహాయ సంస్థ ఉద్యోగి. బాంబు సామగ్రి అనుకున్నవి నీళ్ల డబ్బాలు. పదిమంది మామూలు జనం చనిపోయారు, అందులో ఏడుగురు పిల్లలు. మూడు వారాలు తిరక్కుండానే అది పొరపాటని పెంటగన్ ఒప్పుకుంది. తర్వాత జరిగిన సమీక్షలో, ముందే ఒక అభిప్రాయానికి వచ్చేసి కనిపించినదంతా దానికే అతికించుకున్నారని తేల్చారు. దాడికి రెండు నిమిషాల ముందు వీడియోలో ఒక చిన్నపిల్ల జాడ ఉందని కూడా అందులోనే బయటపడింది.

కెమెరా బాగానే ఉంది, డ్రోన్ బాగానే ఎగిరింది, చూసేవాళ్లు ఒకరు కాదు చాలామంది ఉన్నారు. ఎనిమిది గంటలు చూసినా చూపు సరికాలేదు, ఎందుకంటే మొదటి గంటలోనే ఆ కారుకు పేరు పెట్టేశారు. నాకు ఇది చదివినప్పటినుంచి మనసులో ఉండిపోయింది. మన దగ్గర డ్రోన్ల మీద క్షిపణులు ఉండవు, నిజమే. కానీ "వాడు పారిపోతున్నాడు సార్" అని మనం వాకీటాకీలో అన్న ఒక్క మాటతో నలుగురు కానిస్టేబుళ్లు ఒక కుర్రాడి మీద పడతారు. "నల్ల చొక్కా, ఇరవై ఏళ్లుంటాయి, గుడి వెనకనుంచి బస్టాండ్ వైపు పరిగెడుతున్నాడు, చేతిలో ఏమీ కనపడట్లేదు" అని చెబితే, వాళ్లు ఆపి అడుగుతారు. మా టీమ్‌లో ఈ విషయంలో రాజీ లేదు. పారిపోవడం, దాక్కోవడం, అనుమానాస్పదం, ఈ మాటలు రేడియోలో నిషిద్ధం. రంగు, దిక్కు, చేతులు, వేగం, ఇవి చెప్పాలి.

జనం గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి

2015 జూలై 14, రాజమండ్రి పుష్కరఘాట్. గోదావరి పుష్కరాల మొదటి రోజు, తొక్కిసలాటలో కనీసం 27 మంది పోయారు. గోదావరి జిల్లాలవాళ్లు ఎవరూ ఆ ఉదయాన్ని మర్చిపోలేదు. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఈసారి ఆకాశంలో డ్రోన్లుంటాయి. అవి ఉన్నంత మాత్రాన చాలదు. 2025 జనవరి 29న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో కెమెరాలు, ఏఐ, డ్రోన్లు అన్నీ ఉన్నచోటే తొక్కిసలాట జరిగి, అధికారిక లెక్క ప్రకారమే 30 మంది చనిపోయారు.

ఏఐ చూపించే అంకెను పట్టుకుని కూర్చోకండి. షామియానా కింద, గొడుగుల కింద, చెట్ల కింద ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. జనం బాగా దగ్గరైపోతే తలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అంకె తగ్గుతుంది కూడా, అంటే ప్రమాదం పెరిగేకొద్దీ తెరమీద సంఖ్య చల్లగా కనపడే అవకాశం ఉంది. చదరపు మీటరుకు నలుగురైదుగురు దాటితే భయపడాలని జనసమ్మర్దం మీద పనిచేసేవాళ్లు చెబుతారు, సరే. కానీ నేను కుర్రాళ్లకు చూడమని చెప్పేది కదలికను. నడవాల్సినచోట ఆగిపోయారా? రెండు వైపులనుంచి వచ్చేవాళ్లు ఒకే దారిలో ఎదురుపడుతున్నారా? అంచుల్లో ఉన్నవాళ్లు బారికేడ్లు ఎక్కుతున్నారా, పిల్లల్ని పైకెత్తుతున్నారా? అన్నిటికన్నా ముఖ్యం, గుంపంతా ఒకేసారి ఇటూ అటూ ఊగుతోందా? అలా ఊగుతోందంటే అక్కడ ఎవరి కాళ్లు వాళ్ల ఆధీనంలో లేవని అర్థం. అది కనిపించాక ఆలోచించడానికి నిమిషాలు కూడా ఉండవు.

కనిపించింది సరే, చెప్పేదెలా? పైనుంచి చూసే నా ఎడమ, కింద గేటు దగ్గర నిలబడ్డ ఎస్సై గారి ఎడమ ఒకటి కాదు. "లెఫ్ట్‌లో రష్ ఉంది సార్" అంటే ఆయన వ్యతిరేక దిక్కుకు పరిగెడతారు. అందుకే బందోబస్తు మొదలవ్వడానికి ముందురోజే పోలీసు అధికారులతో కూర్చుని ప్రతి గేటుకు, ప్రతి మెట్ల వరసకు, ప్రతి బారికేడ్‌కు ఒక నంబరు పెట్టించి, అవే నంబర్లు మా మ్యాప్ మీద, వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద ఉండేలా చూసుకుంటాం. "మూడో గేటు లోపలివైపు, రెండు నిమిషాలుగా కదలిక లేదు, వెనకనుంచి ఇంకా వస్తున్నారు, బయట గేటు ఆపితే మంచిది." ఇంతే. ఎక్కడ, ఏమిటి, ఎంతసేపటినుంచి, ఏం చేయొచ్చు. ఇంకో సంగతి, గేటు ఆపమని ఆర్డర్ ఇచ్చే అధికారం ఎవరికుందో వాళ్ల పక్కనే మన మనిషి ఒకరు ఉండాలి. కంట్రోల్ రూమ్‌నుంచి ముగ్గురి ద్వారా వెళ్లే మాట అందేలోపు అక్కడ జరగకూడనిది జరిగిపోతుంది. డ్రోన్లకు పెట్టే డబ్బులో పదోవంతు ఈ మాట చేరే దారి మీద పెడితే ఎంత బాగుంటుందో అని ప్రతి జాతరలో అనుకుంటాను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో చూలా విస్టా అనే ఊళ్లో పోలీసులు 2018నుంచి ఫోన్ రాగానే ముందు డ్రోన్ పంపుతున్నారు. అక్కడ నాకు నచ్చింది ఆ ఏర్పాటు. కంట్రోల్ గదిలో డ్రోన్ కెమెరా చూసేది ఒక పోలీసు అధికారే, బయల్దేరిన ప్యాట్రోల్ బండితో తిన్నగా ఆయనే మాట్లాడతాడు. మధ్యలో అనువాదం చేసేవాళ్లు ఉండరు.

ఎప్పుడు చేతిలోకి తీసుకోవాలి?

అనుమానం వస్తే ముందు ఆపండి, అంటే గాల్లో నిలబెట్టండి. నిలబడ్డాక ఆలోచించొచ్చు. కొత్తవాళ్లు ఏం తేడా వచ్చినా ఇంటికి రమ్మనే బటన్ నొక్కేస్తారు. జీపీఎస్ తప్పు చూపిస్తున్నప్పుడు ఆ బటన్ నొక్కితే, తప్పు జీపీఎస్‌తోనే ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. అప్పుడు జీపీఎస్ అక్కర్లేని మోడ్‌లోకి మార్చి చేత్తో తీసుకురావాలి, గాలికి కొట్టుకుపోతుంటుంది, కంటితో చూస్తూ సరిచేసుకోవాలి. హైటెన్షన్ లైన్ల దగ్గర, ఇనుము ఎక్కువున్న కట్టడాల దగ్గర దిక్సూచి గోల పెడితే కూడా అంతే. ఇక గద్దలు. ఎండాకాలం చెరువుల దగ్గర, ఊరి చివర చెత్తకుప్పల దగ్గర తన్నడానికి వస్తాయి, ఆటోపైలట్‌కు గద్ద అంటే ఏమిటో తెలీదు, తన పాయింట్లు తాను తిరుగుతూనే ఉంటుంది. బయట ఆకాశం చూస్తున్న మనిషి అరిస్తే, వెంటనే తీసుకుని పైకి లేపి పక్కకు వచ్చేయడమే మేం చేసేది.

ఇక్కడ ఒక చిక్కుంది. రోజూ అదే ఎగురుతుంటే మన చేతులు మర్చిపోతాయి, కానీ మన చేతులు కావాల్సి వచ్చేది సరిగ్గా పరిస్థితి దారుణంగా ఉన్నప్పుడే. అందుకే వారానికోసారైనా ఖాళీ మైదానంలో అన్ని సాయాలూ తీసేసి చేత్తో ఎగరేయించే టీమ్‌లోనే చేరండి. అది టైమ్ వేస్ట్ అనే మేనేజర్ ఉన్నచోట చేరకండి.

చూడకూడనిది చూడకుండా చేయడం కూడా మన పనే

స్నానఘట్టాల మీదుగా డ్రోన్ దారి గీసేటప్పుడు, బట్టలు మార్చుకునే చోట్ల మీదుగా కెమెరా వెళ్తుంది. మ్యాప్‌కు అది కూడా ఖాళీ స్థలమే. ఆడవాళ్లు స్నానం చేసే మెట్లు, ఇళ్ల మేడలు, ఇవి ఏవో మనమే గుర్తించి ఆ ముక్కలో కెమెరాను పక్కకు తిప్పేలా, రికార్డింగ్ ఆగేలా ముందే పెట్టాలి. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కు అంది, 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, ముఖాలు గుర్తించే సాఫ్ట్‌వేర్ మీద తెలంగాణ హైకోర్టులో కేసూ పడింది. చట్టం ఏమన్నా అననివ్వండి, మెమరీ కార్డు మాత్రం ఒక రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుని, సంతకం పెట్టి అప్పగించాలి. దాన్ని ఎవరూ ఫోన్‌లోకి ఎక్కించుకోకూడదు. నది ఒడ్డున తల ఆరబెట్టుకుంటున్న ఏ అమ్మ వీడియో వాట్సాప్‌లో తిరిగినా, దానికి కారణం డ్రోన్ కాదు, మనం.

ఒక్కరే ఎన్ని డ్రోన్లు?

పొలాల మీద, పైప్‌లైన్ల మీద, కింద మనుషులు లేనిచోట, ఏమీ జరగనంతసేపు ఒకరు మూడు నాలుగు చూసుకోవచ్చు. ఆ "ఏమీ జరగనంతసేపు" దగ్గరే కథంతా ఉంది. రెండిట్లో ఒకేసారి అలర్ట్ వస్తే మనిషి ఒకదాన్నే చూడగలడు, రెండోది అనాథ. వర్షం, గాలి, సిగ్నల్ సమస్య లాంటివి వస్తే అన్ని డ్రోన్లకూ కలిపే వస్తాయి, విడివిడిగా రావు. కింద జనం ఉంటే నా లెక్క ఒకటే: ఒక డ్రోన్‌కు ఒక నడిపేవాళ్లు, ఒక చూసేవాళ్లు. దీన్ని తగ్గించమని ఖర్చు చూపించి అడిగే క్లయింట్లు ఉంటారు. అలాంటప్పుడు డ్రోన్ల సంఖ్య తగ్గించమంటాం, మనుషుల్ని కాదు.

మరి మీరేం చేయాలి?

కోర్సు చేయండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి పాస్, డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ, ఇవి ఉంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలో కూడా నేర్పుతారు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 120 మీటర్ల లోపు ఎలా, విమానాశ్రయం దగ్గర యెల్లో జోన్‌లో ఎవరి అనుమతి కావాలి అన్నవి అక్కడ బాగా చెబుతారు. కనుచూపు దాటి ఎగరేయడం వేరే సంగతి, 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో మందులు పంపినప్పుడు కూడా ప్రత్యేక అనుమతులతోనే చేశారు.

శిక్షణ కొద్ది రోజులే ఉంటుంది, దాంతో ఉద్యోగానికి తయారైపోయామనుకోకండి. ఆ తర్వాత ఆర్డుపైలట్ సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది, దాంట్లో సిగ్నల్ తెంచి, జీపీఎస్ తీసేసి, గాలి పెంచి చూడండి. రేడియోలో మాట్లాడడం ప్రాక్టీస్ చేయండి, అంటే మీ వీధి వీడియో తీసి, దాన్ని చూడని ఫ్రెండ్‌కు మాటలతోనే ఒక మనిషిని చూపించగలరేమో ప్రయత్నించండి. చాలా కష్టంగా ఉంటుంది, వారంలో మెరుగవుతారు. బీటెక్ అన్నారు కాబట్టి ఫ్లైట్ లాగ్‌లు (ఎగిరినంతసేపూ డ్రోన్ రాసుకున్న రికార్డులు) చదవడం కూడా పట్టుకోండి, అది వచ్చినవాళ్లకు ఎప్పుడూ పని ఉంటుంది.

ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని అడిగేది అడుగుతారు, మీరు వాళ్లను మూడు అడగండి. తెర ముందు ఎంతసేపు కూర్చోబెడతారు? గాలి ఎక్కువుంది, ఎగరేయను అని ఆపరేటర్ అంటే ఆ మాట చెల్లుతుందా, లేక పైనుంచి ఫోన్ వస్తుందా? రికార్డింగులు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటాయి? రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి వాళ్లు తడబడితే, జీతం ఎంత బాగున్నా ఇంకో కంపెనీ చూసుకోండి.